బోర్లించిన సీసా

గాంధీరోడ్డులో నీలం ఎల్‌ఈడీ పట్టీ
ఐదు మీటర్లు కోయించుకుంటుంటే
"జాతరకా మేడమ్?" అన్నాడు అంగడాయన.
కాదన్నాను.
"మరి పెళ్లికా?"
రియాక్షనుకి అంటే ఏమనుకున్నాడో
పది రూపాయలు తగ్గించాడు.

ఏర్పేడు దాటాక, చెట్లింకా నీడ ఇవ్వని మా క్యాంపస్‌లో
గాజు బీకరు లోపలివైపు ఆ పట్టీ చుట్టి
వేడెక్కకుండా పక్కన బుల్లి ఫ్యాను పెట్టి
శుక్రవారం సాయంత్రం రెండు సీసాలు సిద్ధం చేశాను.
ఒకే తూకం, ఒకే ద్రావకం,
నత్రజని బుడగలు రెండింటికీ ఇరవై నిమిషాలు,
గోటి మీద పట్టేంత నారింజరంగు పొడి.
ఒకటి వెలుతురుకి.
రెండోది వెండిరేకు చుట్టి సొరుగులోకి.

చీకట్లో పెట్టేది దేనికక్కా అంది
కుప్పం నుంచి కొత్తగా చేరిన రోజారమణి.
వెలుతురే చేసిందని చెప్పాలంటే
అది లేనిచోట ఏమీ జరగలేదని చూపించాలి.
ఏమీ జరక్కపోవడానికి కూడా
తూకం వెయ్యాలి, మూత బిగించాలి, పేరు రాసి అతికించాలి.
ఎప్పుడూ వచ్చేదే గదా అని
పుస్తకంలో ముందే రాసేశాను:
చీకటి సీసా — సున్నా.

నీలం వెలుగు తగిలితే ఆ నారింజ పొడికి
కాసేపు చెయ్యి పెద్దదవుతుంది.
ఒక ఎలక్ట్రాను చేబదులిస్తుంది,
రెండు కర్బనాలు కలిశాక వెనక్కి తీసుకుంటుంది.
బోర్డు మీద.
నా సీసాలో మూడేళ్లుగా
అప్పు పోతోంది, వసూలు లేదు.

సోమవారం వెలుతురు సీసా తారులా ఉంది.
పలక మీద చుక్క పెట్టి, నడిపించి,
అయోడిన్ డబ్బాలో ఉంచితే
ఒక్క మచ్చ రావాల్సిన చోట
కింది నుంచి పైదాకా
సర్వదర్శనం క్యూ.
మా సారు చూసి "ఊఁ" అన్నారు.
ఆయన ఊఁలు నాలుగు రకాలు. ఇది మూడోది.

మునిరత్నమన్న ఇక్కడికి రాకముందు
చిత్తూరవతల బెల్లం పెనం కాడ పద్నాలుగేళ్లు.
గరిటె నుంచి జారే తీగ చూసి
దించండ్రా అనేవాడంట.
ఇప్పుడు మా గాజుసామాను కడుగుతాడు.
సింకు దగ్గర్నుంచి పిలిచాడు.
"ఎట్ల కడిగేది మా ఇది? బోర్లిస్తే రాలా."

రేకు ఊడదీసిన సీసా
ఆయన చేతిలో తలకిందులుగా ఉంది.
లోపల గంజిరంగు ముద్ద
కదల్లేదు.
"తట్ట బోర్లించినా పడని సంగటి
మా అవ్వ కెలికేది," అన్నాడు, సీసాను మెల్లిగా తట్టి.

సొరుగులో
శనివారం, ఆదివారం, ఎవరూ చూడని నలభై ఎనిమిది గంటలు
కొత్త బంధం ఒక్కటీ కట్టలేదు అవి.
ఉన్నవే పక్కకు జరిగి
ఒకదాని ఆక్సిజన్ వైపు ఒకదాని హైడ్రోజన్ వాలింది.
ఊరికే వాలింది. తోసేస్తే విడిపోయేంత.
అట్లా వాలి వాలి దారమై
దారానికి దారం చిక్కుకుని
తొంభైతొమ్మిది పాళ్ల పారే ద్రవాన్ని
ఒక్క పాలు నిలబెట్టింది.

వరండాలోకి తెచ్చాను. మే నెల.
శేషాచలం కొండ కూడా ఎండకు వణుకుతున్నట్టుంది.
మూడు నిమిషాల్లో నీళ్లయింది.
ఏసీ కిందికి తెస్తే
టీ తాగొచ్చేలోగా మళ్లీ పేరుకుంది.
ఈసారి ఆయన తీసుకెళ్లాడు.
మళ్లీ తెచ్చాడు.
ఐదుసార్లు. ఆయన లెక్కపెట్టాడు, నేను రాశాను.
మధ్యలో ఎవరో బీకర్లు కావాలని అరుస్తున్నారు.

ల్యాబు పుస్తకంలో చెరపకూడదు.
ఒక్క గీత గియ్యాలి, కింద రాసింది కనపడేలా.
సున్నా మీద గీత గీశాను.
పక్కన తేదీ, వేడి, ద్రావకం పేరు.
బోర్లించి చూసినది ఎవరు అనే చోట
కలం ఆగింది.
నాలుగేళ్లుగా మునిరత్నమన్నా అని పిలుస్తున్నాను,
ఇంటిపేరు తెలీదు.

అడిగాను.
సీసా ఇంకా తలకిందులుగానే పట్టుకుని
చెప్పాడు.